పాత గుమ్మం పెడితే డబ్బులు చాల్లేదనుకుంటారా?

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర ఒక లంక ఊరు. మామగారి తాతల నాటి మండువా లోగిలి పడగొట్టి అదే స్థలంలో రెండంతస్తుల ఇల్లు కడుతున్నాం. పిల్లర్లు, స్లాబు అయిపోయాయి, గోడలు లేస్తున్నాయి, మాఘంలో గృహప్రవేశం అనుకుంటున్నాం. సింహద్వారం చోటు మాత్రం అలాగే వదిలేశాం, ఎందుకంటే ఇంట్లో మాట కుదరడం లేదు. పాత ఇంటి గుమ్మం జాగ్రత్తగా విప్పించి పశువుల పాకలో పెట్టించాను. టేకుదే. పైన గజలక్ష్మి, రెండు పక్కల నిలువు కమ్ముల మీద తీగలు చెక్కి ఉంటాయి, మోకాలికి కాస్త పైన 86 గోదావరి వరద నాటి చార ఉంది. అత్తయ్యగారు అదే పెట్టమంటారు. మావారికి ఎదురింటివాళ్ళలా మిషన్‌తో చెక్కిన దశావతారాల జంట తలుపు కావాలి, లక్షన్నర చెప్పారు. బెంగళూరులో ఉన్న మా అబ్బాయి స్టీలు తలుపు, వేలిముద్ర తాళం అంటాడు, పైగా తలుపు చూస్తే యజమాని ఎలాంటివాడో తెలిసిపోతుందని ఏదో వీడియో పంపాడు. పాత గుమ్మం ఎత్తు ఐదడుగుల తొమ్మిదంగుళాలే, మావారి తలకి తగులుతుంది. నిజంగా తలుపుని బట్టి మనుషులు తెలుస్తారా? అదీకాక, ఇంత ఇల్లు కట్టి పాత గుమ్మం పెడితే డబ్బులు చాల్లేదనుకోరా?
ఒక ఇల్లాలు, కోనసీమ

జవాబు: ముందు సమాధానం చెప్పేస్తాను, తర్వాత తీరిగ్గా మాట్లాడుకుందాం. పాత ద్వారబంధం, అంటే గడపా కమ్ములూ గజలక్ష్మితో సహా, సింహద్వారానికే పెట్టండి. రెక్కలు మాత్రం కొత్తవి చేయించండి. పాత రెక్కలు పెరటి గుమ్మానికి పనికొస్తాయి. ఎత్తు సంగతికి మార్గం ఉంది, కింద చెబుతాను.

మీ ఉత్తరం రెండుసార్లు చదివానండీ. అత్తయ్యగారికి ఏం కావాలో ఉంది, మీవారికి ఏం కావాలో ఉంది, బెంగళూరు అబ్బాయికి ఏం కావాలో కూడా ఉంది, మీకేం కావాలో మాత్రం ఒక్క ముక్క లేదు. కానీ "జాగ్రత్తగా విప్పించి పెట్టించాను" అని రాశారు చూడండి, ఇల్లు పడగొట్టే హడావుడిలో, జేసీబీ వాడు గంటకింత అని తొందరపెడుతుంటే, ఆ గుమ్మాన్ని చీలకుండా విప్పించింది మీరే. కాబట్టి మీకేం కావాలో నాకు అర్థమైంది. మిగిలింది నలుగురూ ఏమనుకుంటారో అన్న టెన్షన్.

దానికంటే ముందు ఒక సంగతి. మన వైపు పగటిపూట వీధి తలుపు మూసి ఉంటుందా? పొద్దున్న లేచి గుమ్మం ముందు కల్లాపి చల్లి, తలుపు బార్లా తీస్తే మళ్ళీ రాత్రి భోజనాలయ్యాకే మూయడం. దోమలకి జాలీ తలుపు వేసుకుంటాం, అంతే. పట్టపగలు తలుపులు వేసి ఉన్నాయంటే ఊళ్ళో లేరనో, ఒంట్లో బాగోలేదనో, లోపల గొడవ జరుగుతోందనో పక్కింటివాళ్ళు వాళ్ళకి తోచిన కథ అల్లేస్తారు. తలుపు రంగు, తలుపు డిజైను అని మీ అబ్బాయి పంపినలాంటి వీడియోలన్నీ తలుపు ఎప్పుడూ మూసి ఉండే ఊళ్ళవి. చలికి, మంచుకి, అలవాటుకి వాళ్ళు మూసుకుంటారు, కాబట్టి వాళ్ళకి తలుపే ఇంటి మొహం. మనకి తీసి ఉన్న తలుపులోంచి కనిపించేదే ఇంటి మొహం. గడప, రెండు కమ్ములు, పైన తోరణం, లోపల హాల్లో ఎవరో ఒకరు కూర్చుని వీధిలోకి చూడ్డం.

ఇప్పుడు మీవారి దశావతారాల తలుపు ఊహించుకోండి. తలుపు లోపలికి తెరుచుకుంటుంది కదా, పూర్తిగా తీసి గోడకి ఆనిస్తే బయటి మొహం హాల్లోకి తిరుగుతుంది. లక్షన్నర పోసి చెక్కించిన పది అవతారాలూ పగలంతా మీ సోఫాని, టీవీని చూస్తూ ఉంటాయి. వీధిలోవాళ్ళకి కనిపించేది రాత్రి పదింటికి, కుక్కలు తప్ప ఎవరూ లేనప్పుడు. మీ పాత గుమ్మంలో పనితనమంతా ద్వారబంధం మీదే ఉంది, రెక్కల మీద కాదు, గమనించారా? చెక్కినవాడికి తెలుసు ఇల్లు ఏ ఊళ్ళో ఉందో.

సరే, మీ మొదటి ప్రశ్న. తలుపుని బట్టి మనిషి తెలుస్తాడా? ఎర్ర తలుపైతే ధైర్యం, నీలమైతే ప్రశాంతత, నలుపైతే హుందా, ఇలాంటివి పేపర్లో రాశిఫలాల పక్కన వేసుకోవచ్చు. మా చిన్నప్పుడు మా వీధిలో ఇంచుమించు అన్ని తలుపులూ ఆకుపచ్చే. అందరి స్వభావమూ ఒకటే అనుకుంటే మా వీధిలో అన్ని గొడవలు అయ్యేవి కావు. ఎవరో ఒకరు పెద్ద డబ్బా తెస్తే మిగిలిన రంగు పక్కింటికి వెళ్ళేది, అదీ రహస్యం.

అలాగని ఏమీ తెలియదనీ అనను. అమెరికాలో టెక్సాస్ విశ్వవిద్యాలయంలో శామ్ గోస్లింగ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్ళు 2002లో ఒక పరిశోధన ప్రచురించారు. ముక్కూమొహం తెలియనివాళ్ళని కొందరి పడకగదుల్లోకి, ఆఫీసు గదుల్లోకి పంపించి, ఇక్కడ ఉండే మనిషి ఎలాంటివాడో చెప్పమన్నారు. కొత్త విషయాల మీద ఆసక్తి ఉన్నవాడా, పని పద్ధతిగా చేసేవాడా అన్నవి వాళ్ళు బాగానే పట్టారు. మంచివాడా కాదా అన్నది అంతగా పట్టలేకపోయారు. ఇది గదుల గురించి, తలుపుల గురించి కాదు, కానీ అందులోంచి మనకి పనికొచ్చే సంగతి ఒకటుంది: గదిలో కనిపించేవాటిలో కొన్ని మనిషి నలుగురూ చూడాలని పెట్టుకున్నవి, కొన్ని అతను రోజూ చేసే పనుల వల్ల తనకి తెలియకుండానే మిగిలిపోయినవి.

మన గుమ్మం మీద ఈ రెండూ పక్కపక్కనే ఉంటాయి. చూడాలని పెట్టుకున్నవి అంటే నేమ్‌ప్లేటు, వెంకటేశ్వరస్వామి టైల్సు, "క్రీస్తే ఈ గృహాధిపతి" అన్న పలక, 786 స్టిక్కరు, దిష్టికి కట్టిన బూడిద గుమ్మడికాయ. ఇవి చూస్తే వాళ్ళు ఎవరి భక్తులో, ఎవరి కన్నుకి భయపడుతున్నారో తెలుస్తుంది. రెండో రకం చూడాలంటే కాస్త దగ్గరికి వెళ్ళాలి. గడప మీద పసుపు ఈ శుక్రవారానిదా, కిందటి పండగదా. మామిడి తోరణం ఎండిపోయి గలగలమంటోందా. కోతలయ్యాక కట్టిన వరికంకుల కుచ్చులో గింజలున్నాయా, పిచ్చుకలు ఒలిచేసి వట్టి గడ్డి మిగిల్చాయా. గొళ్ళెం చుట్టూ చెక్క నున్నగా నల్లబడిందా, లేక తాళంకప్ప వేలాడే చోట మాత్రం ఒక అర్ధచంద్రం గీత పడిందా. ఆ అర్ధచంద్రం ఉన్న ఇళ్ళు మన కోనసీమలో చాలా ఉన్నాయి, దోహాలోనో మస్కట్‌లోనో సంపాదించి కట్టినవి. తలుపు మీద లక్ష్మీదేవి అద్దంలా మెరుస్తుంటుంది, తాళం గాలికి ఊగి ఊగి ఆవిడ కాళ్ళ దగ్గర పాలిష్ గీకేస్తుంటుంది. ఆ తలుపు చూసి యజమాని డాబుసరి మనిషి అనేస్తారు చాలామంది. నాకైతే రెండేళ్ళకోసారి ముప్పై రోజుల సెలవు దొరికే మనిషి కనిపిస్తాడు.

ఇందులో ఏదీ టేకా స్టీలా అన్నదాన్ని బట్టి రాదు. పోనీ "యజమాని" అంటున్నారే, గడపకి పసుపు రాసేది ఎవరు? మీవారా? ఆ వీడియోలో ఇది చెప్పి ఉండరు.

నా భాగోతం కూడా చెప్పాలి, లేకపోతే మీవారికి నా మీద కోపం వస్తుంది. పాలకొల్లులో నేను ఇల్లు కట్టుకున్నప్పుడు నేనూ చెక్కుడు తలుపే చేయించాను. లోతుగా చెక్కిన నెమళ్ళు, ఒక్కో ఈకా విడిగా. వేసవిలో బిగించారు, వేలితో తోస్తే తెరుచుకునేది. శ్రావణం వచ్చేసరికి ఉబ్బింది. ఒకరోజు పొద్దున్నే ఇంట్లోంచి బయటికి రాలేక, పెరటి దారిన చుట్టూ తిరిగి వీధిలోకి వచ్చి బయటినుంచి భుజంతో తోశాను, మా పాలవాడు నవ్వుతూ ఇంకో భుజం వేశాడు. ఆ కోపంలో మేస్త్రిని పిలిచి అంచు చిత్రిక పట్టించేశాను. అదీ నేను చేసిన తప్పు. ఎండాకాలం వచ్చి కర్ర ఆరి కుదించుకుపోయేసరికి రెండు రెక్కల మధ్య చిటికెన వేలు పట్టే సందు, అందులోంచి రాత్రి హాల్లో లైటు వీధిలోకి గీతలా పడేది. ఇక నెమలి ఈకల్లో దుమ్ము సంగతి అడక్కండి. పండగకి ముందు పాత టూత్‌బ్రష్షు పట్టుకుని రెండు గంటలు కూర్చోవాలి, కూర్చున్నది నేను కాదు, అందుకే ఆ తలుపు గురించి మా ఇంట్లో ఇప్పటికీ నేను మాట్లాడను.

కాబట్టి మీ ఇంట్లో రెక్కలు సాదాగా, మందంగా, పలకల తలుపులా చేయించండి. కర్ర కొనేటప్పుడు చేవ, అంటే లోపలి ముదురు కర్ర, చూసి కొనండి. తక్కువ వయసులో నరికిన టేకులో తెల్లకర్ర ఎక్కువ, చెదలు ముందు పట్టేది దాన్నే, పాలిష్ కొట్టాక రెండూ ఒకేలా కనిపిస్తాయి. అందుకే పాలిష్‌కి ముందే వెళ్ళి చూడాలి. మీ పాత కమ్ములు అంతా చేవే అయ్యుంటుంది, ఆ రోజుల్లో ఏజెన్సీ అడవుల్లో నరికిన మానుల్ని తెప్పలు కట్టి గోదావరి మీద రాజమండ్రికి దించేవారు, కాకినాడ రేవుకి బర్మా టేకూ వచ్చేది. ఇప్పుడు ఆ కర్ర కొనాలంటే మీ లక్షన్నరకి ఎంత వస్తుందో మేస్త్రినే అడగండి. అన్నట్టు పాత గుమ్మాలు కొనేవాళ్ళు మీ ఊరూ వస్తారు, వచ్చి "ఏముందమ్మా, పుల్లలు" అంటారు. చెట్టినాడు ఇళ్ళ తలుపులూ గుమ్మాలూ కారైకుడి బజార్లో ఏం ధర పలుకుతాయో ఒకసారి ఫోన్లో చూస్తే ఆ పుల్లల సంగతి తెలుస్తుంది. డబ్బులు చాల్లేదనుకుంటారా అన్నారు కదా, అనుకునేవాళ్ళు పది రోజులు అనుకుంటారు. హైదరాబాదు నుంచి సంక్రాంతికి వచ్చే చుట్టాలు మాత్రం ఆ గుమ్మం ముందు నిలబడి ఫోటోలు దిగుతారు, ఎదురింటి దశావతారాల ముందు కాదు. మీవారికి ఈ మాట మీరు చెప్పకండి, చుట్టాలు వచ్చినప్పుడు ఆయనే చూస్తారు.

ఎత్తు సంగతి. పాత గుమ్మాలు పొట్టిగా ఉండేది తల వంచి వినయంగా రావాలని అని మీ అత్తయ్యగారు చెప్పే ఉంటారు, వినడానికి బాగుంటుంది, కానీ మీవారి నుదురు బొప్పి కడితే వినయం రాదు, విసుగొస్తుంది. కమ్ముల కింది భాగం ఎలాగూ నేల తడికి కొంత మెత్తబడి ఉంటుంది. స్క్రూడ్రైవర్‌తో గుచ్చి చూడండి, దిగినంత మేర పోయిందన్నట్టే. మంచి వడ్రంగి అయితే పోయినంత మేర ఏటవాలుగా కోసేసి, పాత టేకు ముక్కే తెచ్చి, రెండు కమ్ములకీ కొత్త కాళ్ళు అతికిస్తాడు. కోసినదానికంటే అతికేది ఓ పది అంగుళాలు ఎక్కువ పెట్టమనండి, ఆరున్నర అడుగుల పైచిలుకు వస్తుంది, మీవారు తల దించక్కర్లేదు. అతుకు కనిపిస్తుంది. కనిపించనివ్వండి. పాత రెక్కలు ఈ ఎత్తుకి చాలవు కాబట్టే కొత్తవి చేయించమన్నాను, పాతవాటిని పెరటి గుమ్మానికి పెట్టమన్నదీ అందుకే. చనువున్నవాళ్ళెవరూ మన ఊళ్ళల్లో వీధి గుమ్మంలోంచి రారు. పప్పులోకి నాలుగు మామిడికాయలు తెచ్చిన పక్కింటావిడ పెరట్లోంచే వస్తుంది. రోజూ చేతులు పడే చోటు అదే.

గోడలోకి వెళ్ళే భాగానికి, అతికిన కాళ్ళకి చెదల మందు పూయించాకే నిలబెట్టాలి. మీకు జీడిపప్పు తీసే మోరి దగ్గరే కాబట్టి జీడిపిక్కల నూనె దొరుకుతుంది, వెనకటివాళ్ళు పడవలకి పూసింది అదే, కానీ చేతికి తగిలితే బొబ్బలెక్కుతుంది, పూసేవాడికి గ్లౌజులు ఇవ్వండి, బయటికి కనిపించే మొహానికి మాత్రం వద్దు, నల్లగా చేస్తుంది. ఇంకోటి, ఇది ఎవరూ చేయరు: రెక్కల పై అంచు, కింది అంచు. కంటికి కనిపించవని అక్కడ పాలిష్ వదిలేస్తారు, వానాకాలం తడి తాగేది అక్కణ్ణించే. రెక్కలు బిగించకముందే తలకిందులుగా నిలబెట్టి ఆ అంచులకి రెండు కోట్లు వేయించండి. తొలి వానాకాలం కాస్త బిగిసినా వెంటనే చిత్రికకి పిలవకండి, నన్ను తలుచుకుని మాఘం దాకా ఆగండి.

మీ అబ్బాయి మాట తీసిపారేయకండి. ఆ కుర్రాడు అక్కడ ఉండి ఇక్కడ మీ ఇద్దరి గురించో, నాయనమ్మ గురించో భయపడుతున్నాడు, దాన్ని స్టీలు అంటున్నాడు. లండన్‌లో ప్రధాని ఉండే 10 డౌనింగ్ స్ట్రీట్ తలుపు కూడా చూడ్డానికి పాతకాలం నల్ల చెక్క తలుపే, 1991లో అక్కడ మోర్టారు దాడి జరిగాక పేలుడుకి తట్టుకునే స్టీలు తలుపు పెట్టారు, మొహం మాత్రం పాతదానిలాగే ఉంచారు. కాబట్టి గట్టిదనానికీ పాత మొహానికీ గొడవేం లేదు. కానీ మీ చోట ఉప్పుగాలి ఉంది, చవక స్టీలు తలుపు కింది అంచు నుంచి తుప్పు మొదలుపెడుతుంది. అబ్బాయి కోరిక అరుగు దగ్గర గ్రిల్ గేటుతో, ఒక కెమెరాతో తీర్చండి. వేలిముద్ర తాళానికి ముందు అత్తయ్యగార్ని ఒక మాట అడగండి, రేషన్ మిషన్ మీద ఆవిడ వేలిముద్ర పడుతోందా అని. పొలం పని, అంట్లు, సున్నం, చింతపండు పట్టిన వేళ్ళు అవి, మిషన్లు చాలాసార్లు గుర్తుపట్టవు. ఎనభై ఏళ్ళావిడ తన ఇంటి ముందు నిలబడి, తన తలుపుకి తానెవరో రుజువు చేసుకోలేకపోవడం నాకు నచ్చదు. పెట్టేట్టయితే తాళంచెవి కూడా పనిచేసే రకం పెట్టించండి.

మీవారికి ఏం మిగిల్చావయ్యా అంటారేమో. కొత్త రెక్కలు ఆయనవి. కర్ర ఆయన్నే ఎంచుకోనివ్వండి, ఇత్తడి బుడిపెలు, పెద్ద గొళ్ళెం, ఎదురింటి వాళ్ళకి వినపడేంత గట్టి గంట, ఆయన ఇష్టం. దశావతారాలు కావాల్సిందే అంటే పూజగదికి సన్న తలుపు ఉంటుందిగా, దానికి చెక్కించుకోమనండి.

ఒక్క చిక్కుంది, ముందే చెప్పాలి. కాళ్ళు అతికాక కమ్ములు పది అంగుళాలు పైకి జరుగుతాయి కదా, వాటితో పాటు 86 వరద చారా జరుగుతుంది. మోకాలి పైన ఉన్నది తొడ పైదాకా వస్తుంది. ఏం పర్వాలేదు, ఆ వరద గురించి మన ఊళ్ళల్లో చెప్పే ప్రతివాడూ ఎలాగూ ఏడాదికో అంగుళం పెంచే చెబుతున్నాడు. మేస్త్రి మాత్రం పాలిష్ పేరుతో దాన్ని గీకేయకుండా మీరు దగ్గరుండండి, "మరకమ్మా, పోగొట్టేస్తాను" అని ఉత్సాహంగా ఉప్పుకాగితం తీస్తాడు.

గడప ఎత్తు ఎంత ఉండాలో వాస్తు ఆయన్ని, ఇంజనీరుని ఇద్దర్నీ అడగొద్దు. గోడలు లేస్తున్నాయన్నారు కదా, అక్కడే ఇటుకలుంటాయి. సింహద్వారం చోట ఒక ఇటుక అడ్డంగా పెట్టి అత్తయ్యగార్ని దాటమనండి. చెయ్యి గోడకి ఆనించకుండా దాటితే అది కొలత. ఆనిస్తే ఇటుక తీసేసి, ఇంకొంచెం పల్చటిది పెట్టి మళ్ళీ దాటమనండి.